యుద్ధం ఎంత దూరం?

2014 డిసెంబరులో శ్రీలంక అధ్యక్షుడు మహింద రాజపక్స తిరుమల వచ్చాడు. స్వామిని దర్శించుకుని వెళ్లాడు. కొండమీద ఆయనకు దక్కింది ఏ దేశాధినేత వచ్చినా దక్కే మర్యాదే. కొండ కింద మాత్రం తమిళనాడు నుంచి వచ్చిన సంఘాలవాళ్లు ఆయన రాకను నిరసిస్తూ నినాదాలిచ్చారు, పోలీసులు వాళ్లను అదుపులోకి తీసుకున్నారు. అంతకుముందు 2013 ఫిబ్రవరిలో వచ్చినప్పుడూ ఇదే జరిగింది. నినాదాలిస్తున్నవాళ్ల కళ్లకు ఆ మనిషి 2009 మేలో ముళ్లివాయ్‌క్కాల్ తీరంలో వేలమంది తమిళులను చంపించినవాడు. శ్రీలంక సైన్యానికీ ఎల్టీటీఈ తమిళ పులులకూ జరిగిన ఆ యుద్ధం చివరి నెలల్లో 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో రాసింది. పక్కనే టీ తాగుతూ చూస్తున్న తిరుపతివాసికి ఆయన ఒక పెద్ద వీఐపీ, అంతకుమించి ఏమీ కాదు. "ఎవురో పెద్దాయన వచ్చినాడంట, దర్శనం లేటు."

ఒకే వీధి, ఒకే మనిషి, రెండు చూపులు. దీన్ని దూరంతో వివరించడం కుదరదు. పటం మీద గీత గీసి చూడండి. తిరుపతి నుంచి శ్రీలంకలోని జాఫ్నాకు ఆకాశమార్గాన సుమారు 440 కిలోమీటర్లు. తిరుపతి నుంచి హైదరాబాదుకూ దాదాపు అంతే. మనకు హైదరాబాదు మన ఊరు, జాఫ్నా పరదేశం. ఈ లెక్కలో కిలోమీటర్లకు చోటు లేదు.

ఇంకో తమాషా ఉంది. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. పటాస్కర్ తీర్పు ప్రకారం ఆ రోజు నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. మన వైపు నగరి, పుత్తూరు మిగిలాయి, సత్యవేడు అటునుంచి ఇటు వచ్చింది. ఇవన్నీ రెండు భాషలూ ఇంట్లో తిరిగే ఊళ్లు. గీతకు అటు ఉన్నవాళ్లకు అప్పటినుంచి మద్రాసు పేపర్లు, తమిళ పాఠ్యపుస్తకాలు, తర్వాత సన్ టీవీ. ఇటు ఉన్నవాళ్లకు తెలుగు పేపర్లు, హైదరాబాదు దూరదర్శన్, తర్వాత ఈటీవీ. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు కావాలని పెట్టుకునే ఏర్పాటును చరిత్ర ఇక్కడ అనుకోకుండా పెట్టింది. ఇది శుభ్రమైన ప్రయోగం కాదన్నది నిజమే. భాష వేరు, బంధుత్వాలు వేరు, పార్టీలు వేరు. అయినా ఈ అధ్యాయానికి కావలసిన ప్రశ్న ఇక్కడే పుడుతుంది. దూరాన జరిగే పోరు మనకు దగ్గరిదా కాదా అని తేల్చేది ఎవరు? ఒకే ఇంట్లో తాతకు ఒకలా, మనవడికి ఒకలా ఎందుకు తేలుతుంది?

ముందు వయసు సంగతి చూద్దాం.

కార్ల్ మన్‌హైమ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1928లో తరాల మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఒకే ఏడాది పుట్టినంత మాత్రాన ఒక తరం అయిపోదు అన్నాడాయన. పదిహేడు మొదలుకొని పాతికేళ్ల లోపు, లోకాన్ని మొదటిసారి సొంతంగా చూసే వయసులో ఏ పెద్ద సంఘటన మీద పడితే, ఆ సంఘటనే ఆ తరాన్ని తరంగా కడుతుంది. అరవై ఏళ్ల తర్వాత హవర్డ్ షూమన్, జాక్వెలిన్ స్కాట్ దీన్ని పరీక్షకు పెట్టారు. 1,400 మందికి పైగా అమెరికన్లను ఒకటే అడిగారు: గత యాభై ఏళ్లలో జరిగినవాటిలో మీకు ముఖ్యమని తోచినవి చెప్పండి. 1989లో వెలువడిన ఫలితంలో, ఎక్కువమంది చెప్పినవి వాళ్ల కౌమారంలోనో తొలి యవ్వనంలోనో జరిగినవే. రెండో ప్రపంచయుద్ధం ఒక వయసువాళ్లకు, వియత్నాం ఇంకో వయసువాళ్లకు. తర్వాత వచ్చిన యుద్ధాలను కూడా మనుషులు ఆ మొదటి యుద్ధంతో పోల్చి అర్థం చేసుకుంటారు.

దీన్ని శ్రీలంకకు తగిలించి చూడండి. 1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. తిరుపతికి అది నేరుగా చూస్తే వంద కిలోమీటర్ల లోపే. అప్పటికి ఇరవై ఏళ్లున్న మనిషికి, గీతకు ఇటైనా అటైనా, శ్రీలంక తమిళుల ఈలం పోరు అంటే మొదట గుర్తొచ్చేది ఆ రాత్రే. అంతకుముందు 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో ఉన్న మన శాంతిసేన వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకుంది, అదీ గుర్తే. 1991 తర్వాత పుట్టిన చెన్నై కుర్రవాడికి ఇవి పాఠంలో చదివిన సంగతులు. అతని మొదటి జ్ఞాపకం వేరే. 2013 ఫిబ్రవరిలో, రాజీవ్ హత్య వెనకున్న పులుల నాయకుడు ప్రభాకరన్ పన్నెండేళ్ల కొడుకు బాలచంద్రన్ ఫొటోలు బయటికొచ్చాయి. ఒక దాంట్లో బంకరులో కూచుని ఏదో తింటున్నాడు. ఇంకో దాంట్లో ఛాతీ మీద తూటా గాయాలతో పడి ఉన్నాడు. ఆ ఫొటోలు ఫేస్‌బుక్ మీద ఫోన్ నుంచి ఫోన్‌కు పోయాయి. మార్చిలో చెన్నై లయోలా కాలేజీ విద్యార్థులు నిరాహారదీక్షకు కూర్చున్నారు, కొద్ది రోజుల్లోనే అది తమిళనాడు కాలేజీలన్నిటికీ పాకింది. తండ్రికి ఆ కుటుంబం ఒక హత్యకు మూలం. కొడుక్కి ఆ కుటుంబం ఒక చనిపోయిన పిల్లవాడు. ఇద్దరూ చూసింది నిజాన్నే, కాకపోతే వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు తెరల మీద.

ఒక్క ఫొటో ఇంత పని ఎలా చేస్తుంది? పాల్ స్లోవిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జీవితమంతా దీని వెంటే పడ్డాడు. చనిపోయినవాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ మన జాలి పెరగదు, మొద్దుబారుతుంది. ఒక్క ముఖం కనబడితే కదులుతుంది. 2015 సెప్టెంబరులో టర్కీ ఒడ్డున పడి ఉన్న సిరియా పసివాడు అలాన్ కుర్దీ ఫొటో వచ్చినప్పుడు స్వీడన్ రెడ్‌క్రాస్‌కు వచ్చే విరాళాలు అమాంతం పెరిగాయి, ఆరు వారాలు తిరిగేసరికి దాదాపు పాత స్థితికి పడిపోయాయి. సిరియా యుద్ధంలో అప్పటికే లక్షల మంది చనిపోయి ఉన్నారు. ఆ అంకె ఎవరినీ కదిలించలేదు. ఫొటో కదిలించింది, అదీ ఆరు వారాలే.

ఇప్పుడు వయసు పక్కన పెట్టి, వార్త మోసుకొచ్చే బండి సంగతి చూద్దాం. దక్షిణ రాయలసీమకు ఇందులో ఒక పాత అనుభవం ఉంది. అది కువైట్.

రాజంపేట, రాయచోటి, పీలేరు, మదనపల్లె వైపు కువైట్‌లో మనిషి లేని వీధి తక్కువ. 1990 ఆగస్టు 2న సద్దాం హుసేన్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఈ ఊళ్లకు ఆ యుద్ధం ఎలా చేరిందో గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. రేడియో పెట్టుకుని ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తల కోసం కాచుకోవడం, మర్నాడు పేపరు కోసం బస్టాండు దగ్గర నిలబడటం. ఈనాడు తిరుపతి ముద్రణ 1982లోనే మొదలైంది కాబట్టి పేపరు పొద్దున్నే చేరేది. కువైట్ నుంచి ఫోన్లు లేవు. ఉత్తరాలు ఆగిపోయాయి. అంతకుముందు మాట రికార్డు చేసి పంపిన క్యాసెట్టునే మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్న ఇళ్లున్నాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో లక్షా డెబ్బై వేల మంది దాకా భారతీయులు ఇల్లు చేరారు. మనిషి గుమ్మంలో నిలబడేవరకు బతికున్నాడో లేదో తెలియని యుద్ధం అది.

ఆ యుద్ధాన్ని చూసిన తరానికి యుద్ధం అంటే ఎదురుచూపు. దాంట్లో బొమ్మ లేదు. 1991 జనవరిలో అమెరికా బాంబులు వేయడం మొదలుపెట్టాక సీఎన్ఎన్ దాన్ని ప్రత్యక్షంగా చూపించింది. మన దేశంలో పెద్ద హోటళ్లు డిష్‌లు పెట్టింది, వీధుల్లో కేబుల్ తీగలు లాగడానికి ఊపొచ్చింది అప్పుడే. బాగ్దాద్ రాత్రి ఆకాశంలో పచ్చటి మెరుపులు చూసి జనం అబ్బురపడ్డారు. ఇంట్లోవాళ్లు అక్కడ చిక్కుకుపోయినవాళ్లు అబ్బురపడి ఉండరనుకుంటాను.

తర్వాత పాతికేళ్లకు ఫోను చేతికొచ్చింది. 2016 సెప్టెంబరులో జియో మొదలై నెలల తరబడి డేటా ఉచితంగా ఇచ్చింది. కంప్యూటరు ఎన్నడూ ముట్టని అవ్వాతాతలు నేరుగా వాట్సాప్‌లోకి దిగారు. ఆ ఇంట్లోని పిల్లలకు దారి వేరు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబుతో సహా ఇరవై మంది సైనికులు చనిపోయాక, జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లను నిషేధించింది. పది రోజులు గడవకముందే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ దింపింది. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. అంటే ఒక దూరపు ఘర్షణే మన పిల్లలు మిగతా ఘర్షణలను ఏ తెర మీద చూడాలో నిర్ణయించింది.

ఈ రెండు దారుల మధ్య తేడా పైపైది కాదు, యంత్రంలోనే ఉంది.

వాట్సాప్‌లో ఏది ముందు చూపాలని నిర్ణయించే లెక్క లేదు. పంపేవాడే ఆ లెక్క. మీకు ఏది వస్తుందన్నది మీ బంధువులు, మీ బడి స్నేహితులు, మీ గుడి కమిటీ గ్రూపు, మీ అపార్టుమెంటు గ్రూపు కలిసి తేలుస్తారు. వీడియో ఎక్కడ పుట్టిందో ఎవరికీ పట్టదు, ఎవరి చేతి మీదుగా వచ్చిందో పడుతుంది. పలమనేరు వైపు ఏ ఇంట్లోనైనా వినిపించే మాటలివి:

"అవ్వా, అది నిజం కాదు. కంప్యూటర్ గేమ్‌లోది."

"నువ్వు ఊరుకో నాయనా. మీ చిన్నాయన కువైట్ నుంచి పంపినాడు. ఆయప్ప అబద్ధం పంపతాడా?"

"చిన్నాయనకి ఇంకెవురో పంపినారు అవ్వా."

"ఆ ఇంకెవురో మాత్రం ఊరికే పంపతారా?"

అవ్వ వాదంలో తప్పు వెతకడం సులువు, దాని బలం గమనించడం కష్టం. ఆమె జీవితమంతా మాటను మనిషిని బట్టి తూచింది. ఊళ్లో అది బాగా పనిచేసే పద్ధతి. అబద్ధం చెప్పినవాడు మర్నాడు రచ్చబండ దగ్గర దొరుకుతాడు. ఫార్వర్డులో దొరకడు.

రీల్స్, షార్ట్స్ దారి వేరు. అక్కడ మీకు తెలిసినవాళ్లు ఎవరన్నది పెద్దగా లెక్కలోకి రాదు. మీ వేలు ఎక్కడ ఆగిందన్నదే లెక్క. అలిపిరి దగ్గర టీకొట్టు యజమాని మీరేం అడిగారన్నది కాదు, మీరు ఏ బల్ల దగ్గర ఎంతసేపు కూచున్నారో గుర్తుపెట్టుకుని రేపు ఆ బల్లమీదే మీకు టీ పెట్టాడనుకోండి. వారం తర్వాత మీరు వేరే బల్ల ఉందనే మరిచిపోతారు. యూట్యూబ్ 2012లోనే ఎన్నిసార్లు నొక్కారన్నది పక్కన పెట్టి ఎంతసేపు చూశారన్నది లెక్కలోకి తీసుకుంది. చిన్న వీడియోల్లో ఆ లెక్క సెకన్లకు దిగింది. కుర్రవాడు ఉక్రెయిన్ వీడియోను కోపంతో చూసినా, జాలితో చూసినా, అసహ్యంతో ఆగిపోయినా యంత్రానికి ఒకటే: ఆగాడు. కాబట్టి ఇంకొకటి.

ఫలితం ఏమిటంటే, పెద్దవాళ్లకు యుద్ధం బంధువు గొంతుతో వస్తుంది, పిల్లలకు అపరిచితుడి ముఖంతో వస్తుంది. అవ్వ ఫోన్లో వీడియోకు మూలం కువైట్ చిన్నాయన. మనవరాలి ఫోన్లో వీడియోకు మూలం ఖార్కివ్‌లోనో గాజాలోనో తన వయసే ఉన్న ఒక అమ్మాయి, కెమెరాలోకి చూస్తూ మాట్లాడుతున్నది. ఒకరికి నమ్మకం పంపినవాళ్లను బట్టి, ఇంకొకరికి కళ్లలోకి చూసి మాట్లాడినవాళ్లను బట్టి. రెండూ మోసపోయే దారులే, కానీ మోసం జరిగే తీరు వేరు.

ఉక్రెయిన్ దీనికి మంచి ఉదాహరణ. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు తెలుగు ఇళ్లలో అందరి కళ్లూ అక్కడ వైద్యం చదువుతున్న పిల్లల మీదే. మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటక హావేరి జిల్లా విద్యార్థి ఫిరంగి దాడిలో చనిపోయాడు. ఆపరేషన్ గంగలో 22,000 మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చారు. ఆ రోజుల్లో బంకర్లలోంచి పిల్లలు పంపిన సెల్ఫీ వీడియోలే తెలుగు ఛానళ్లకు ముడిసరుకు. తణుకుకు చెందిన వైద్యుడు గిరికుమార్ పాటిల్ తాను పెంచుకుంటున్న జాగ్వార్‌ను, చిరుతను వదిలి రానంటూ దోన్బాస్‌లోని సెవెరోదొనెత్స్క్‌లో ఉండిపోయి యూట్యూబ్‌లో కనిపిస్తుండేవాడు. పుతిన్ వాదం ఏమిటో, దోన్బాస్ తగవు ఏమిటో తెలియని వేలమందికి ఆ పెద్ద పిల్లిజాతి జంతువులు గుర్తున్నాయి. ఇది వాళ్ల తప్పని నేననను. కథకు ఒక ముఖం కావాలి, దొరికిన ముఖం అది.

అప్పుడే ఇంకో రకం వీడియోలూ తిరిగాయి. 'ఆర్మా 3' అనే సైనిక వీడియోగేమ్ దృశ్యాలను నిజమైన యుద్ధమని పంపుకున్నారు. ఆ గేమ్ తయారు చేసిన బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థ 2022 నవంబరులో స్వయంగా ప్రకటన ఇచ్చి, వాటిని ఎలా గుర్తుపట్టాలో చెప్పుకోవలసి వచ్చింది. ఆ గేమ్ దృశ్యాలే 2023 అక్టోబరులో గాజా అయ్యాయి, 2025 మేలో భారత్-పాకిస్తాన్ అయ్యాయి. గాజా మీద బాంబులంటూ తిరిగిన ఒక వీడియో అల్జీరియాలో ఫుట్‌బాల్ అభిమానులు కాల్చిన బాణసంచా. రాత్రిపూట వెలుగులు ఎక్కడైనా ఒకలాగే ఉంటాయి.

ఇంత అబద్ధం ఇంత వేగంగా ఎందుకు పోతుంది? సోరూష్ వోసూగీ, దేబ్ రాయ్, సినాన్ అరల్ అనే ముగ్గురు పరిశోధకులు ట్విట్టర్ మీద 2006 నుంచి 2017 దాకా తిరిగిన 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో 'సైన్స్' పత్రికలో రాశారు. అబద్ధాన్ని మళ్లీ పంపే అవకాశం నిజంకన్నా 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజానికి పట్టిన కాలం అబద్ధానికి పట్టినదానికి ఆరు రెట్లు. ఇది యంత్రాల పని అనుకుని వాళ్లు యంత్రాలు నడిపే ఖాతాలను తీసేసి మళ్లీ లెక్కగట్టారు. తేడా పోలేదు. పంపింది మనుషులే. అబద్ధంలో కొత్తదనం ఎక్కువ, అదే దాని రెక్క.

కొత్తదనం ఒక్కటే కాదు. ఇక్కడ ఒక భారతీయ పరిశోధనను తలచుకోవాలి, మన పుస్తకాల్లో దీనికి దక్కవలసిన చోటు దక్కలేదు. 1934 జనవరి 15న బిహార్‌లో మహాభూకంపం వచ్చింది. జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ తర్వాత పుట్టిన పుకార్లను సేకరించి 1935లో ప్రచురించాడు. అదురు తెలిసింది గానీ ఇల్లు కూలనిచోట, ఇంతకన్నా పెద్ద ప్రళయం రాబోతోందనే పుకార్లు పుట్టాయి. తర్వాత దుర్గానంద్ సిన్హా డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు చూస్తే, విధ్వంసం కళ్లారా చూసినవాళ్లలో అలాంటి రాబోయే ఉపద్రవాల పుకార్లు లేవు. అమెరికాలో లియాన్ ఫెస్టింజర్ ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఆలోచించాడు. 1957లో వచ్చిన ఆయన ప్రసిద్ధ సిద్ధాంతానికి మొదటి తీగ దొరికింది అక్కడే. ఆయనకు తోచిందిది: గుండెలో భయం ఉంది, కంటికి కారణం కనబడదు. ఆ రెండిటికీ పొత్తు కుదరక మనిషి అవస్థ పడతాడు. అప్పుడు భయానికి తగినంత పెద్ద కారణాన్ని కథగా కల్పించుకుంటాడు. పుకారు మనల్ని భయపెట్టడానికి పుట్టదు. పుట్టిన భయానికి సాక్ష్యంగా పుడుతుంది.

భారత్-పాకిస్తాన్ ఘర్షణ నడుస్తున్న 2025 మే 8 రాత్రిని దీనితో కొలిచి చూడండి. సరిహద్దు మనకు ఎంతో దూరం. మన ఆకాశంలో డ్రోన్ లేదు, సైరన్ లేదు. టీవీ ముందు కూచున్నవాడికి చేతికందేది భయమూ ఉత్సాహమూ మాత్రమే. ఆ రాత్రి కరాచీ రేవు నేలమట్టమైందని దేశంలోని పలు ఛానళ్లు చెప్పాయి, వాట్సాప్ దాన్ని తెల్లారేదాకా మోసింది. అది నిజం కాదు. ఆ రాత్రి గడిచేలోపు నిజంగా జరిగింది వేరే. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా యువకుడు, అగ్నివీర్ మురళీ నాయక్ జమ్మూకాశ్మీర్‌లో పాకిస్తాన్ కాల్పుల్లో ప్రాణం విడిచాడు. కరాచీ కథ ముందు చేరింది, మురళీ నాయక్ వార్త తర్వాత చేరింది. కథ వార్తకన్నా వేగంగా ఎందుకు పరిగెత్తిందో ఫెస్టింజర్ చెప్పి ఉన్నాడు. సరిహద్దు ఊరిలో బంకరులో కూచున్నవాడికి కరాచీ కథ అవసరం లేదు. చిత్తూరులో సోఫాలో కూచున్నవాడికి అవసరం.

పెద్దవాళ్లే ఎక్కువ పంపుతారా? పంపుతారు, కనీసం అమెరికాలో. 2016 ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్ మీద తప్పుడు వార్తలు ఎవరు పంచారో ఆండ్రూ గెస్, జొనథన్ నాగ్లర్, జాషువా టకర్ లెక్క తీస్తే, 65 దాటినవాళ్లు చిన్నవయసువాళ్లకంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువ పంచారు. కానీ దాని వెనకే ఉన్న మాట మరిచిపోకూడదు. మొత్తంమీద అలాంటివి ఒక్కటైనా పంచినవాళ్లు 8.5 శాతమే. ప్రతి ఇంట్లో ఒక పెద్దాయన ఉంటాడు, ప్రతి పెద్దాయనా అలాంటివాడు కాదు. మళ్లీ మళ్లీ విన్నది నిజమనిపించడం మాత్రం వయసుతో నిమిత్తం లేని సంగతి. 1977లో లిన్ హాషర్ బృందం కాలేజీ కుర్రాళ్లతోనే దాన్ని నిరూపించింది. రెండేసి వారాల ఎడంతో అవే వాక్యాలు వినిపిస్తే, తప్పైనవి కూడా మూడోసారికి నమ్మదగ్గవిగా తోచాయి. నాలుగు గ్రూపుల్లో ఒకే వీడియో చూసిన మనిషి నాలుగు సాక్ష్యాలు చూశాననుకుంటాడు. చూసింది ఒక్కటే.

దీనికి మందు లేకపోలేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లొచ్చారన్న వాట్సాప్ పుకారుతో దేశంలో చాలాచోట్ల అమాయకులను కొట్టి చంపారు. మనకు ఎంతో దూరం కాని తిరువణ్ణామలై జిల్లాలో, గుడికని వచ్చి పిల్లలకు చాక్లెట్లిచ్చిన ఒక ముసలామెనూ చంపారు. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి అయిదుగురికి మించి ఫార్వర్డు చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు తిరిగినదాన్ని ఒకసారికి ఒక్కరికే పంపగలిగేలా చేసింది. అలాంటివి 70 శాతం తగ్గాయని ఆ సంస్థే చెప్పుకుంది. మనిషి మారలేదు, పంపడం కాస్త కష్టమైంది, అంతే. ఇంత చిన్న అడ్డంకి ఇంత పనిచేసిందంటే ముందునుంచీ ఆ పైపు ఎంత బార్లా తెరిచి ఉందో ఆలోచించండి.

ఇక గాజా. అమెరికాలో దీని మీద పెద్ద రచ్చ జరిగింది. కుర్రవాళ్లు పాలస్తీనా వైపు మొగ్గుతున్నారు, ఇదంతా టిక్‌టాక్ పని అని నాయకులే ఆరోపించారు. వయసు తేడా ఉన్నమాట నిజం. 2024 ఫిబ్రవరిలో ప్యూ సంస్థ అడిగినప్పుడు, 30 లోపువాళ్లలో 33 శాతం తమ సానుభూతి పూర్తిగానో చాలావరకో పాలస్తీనియన్లకే అన్నారు, 14 శాతం ఇజ్రాయెలీలకు అన్నారు. 65 దాటినవాళ్లలో ఇది తలకిందులు. కానీ 2022లో, గాజా యుద్ధానికి ముందే, ప్యూ సర్వేలో కుర్రవాళ్ల మొగ్గు కనబడింది. ఏది ముందు, ఏది వెనక అన్నది చూడకుండా కారణం చెప్పేయడం తొందరపాటు. మన దేశంలో టిక్‌టాక్ లేదు. అయినా మన కాలేజీ పిల్లల్లో ఒకరికి గాజా రీల్స్ కుప్పలుగా వస్తాయి, పక్క మంచంవాడికి ఒక్కటీ రాదు. యాప్ పేరు చెప్పి కేసు మూసేయడానికి ఇది సరిపోదు.

ఇంతకీ తెర మీద ఏది ముందు కనబడాలో తేల్చే వరుసను మార్చేస్తే అభిప్రాయం మారుతుందా? 2020 అమెరికా ఎన్నికలప్పుడు గెస్, మరికొందరు మెటా సంస్థతో కలిసి పెద్ద ప్రయోగం చేశారు. వేలమంది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ తెరలను మూడు నెలలపాటు లెక్కకట్టే వరుస నుంచి కాలక్రమ వరుసకు మార్చారు. వాళ్లు అక్కడ గడిపే సమయం బాగా తగ్గింది. కనబడే సరుకు మారింది. రాజకీయ అభిప్రాయాలు మాత్రం కదిలినట్టు తేలలేదు. అల్గారిథమ్ మన బుర్రలు కడిగేస్తోందని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ ఫలితాన్ని పెద్దగా తలవరు. నేను దీన్ని రెండు రకాలుగా చదువుతాను. ఒకటి, ముదిరిన అభిప్రాయాన్ని మూడు నెలల తెర మార్చలేదు. రెండోది నా అంచనా. అమెరికన్‌కు సొంత ఎన్నికల మీద అభిప్రాయం ఎప్పుడో ఉంది. నగరిలో పద్దెనిమిదేళ్ల పిల్లకు సూడాన్ మీద ఏ అభిప్రాయమూ లేదు. అక్కడ తెర మార్చవలసింది లేదు, మొదటి గీత గీయడమే ఉంది. 1972లో మాక్స్‌వెల్ మెకోంబ్స్, డొనాల్డ్ షా పత్రికల గురించి తేల్చిన సంగతి ఇప్పటికీ నిలిచే ఉంది. ఏమనుకోవాలో పత్రిక మనకు అంతగా నేర్పలేకపోవచ్చు. దేని గురించి అనుకోవాలో మాత్రం గట్టిగా నేర్పుతుంది. సూడాన్‌లో 2023 ఏప్రిల్ నుంచి కోటిమందికి పైగా ఇల్లు విడిచారు. మీ తెర మీద అది ఎన్నిసార్లు కనబడింది?

ఆ మొదటి గీత పడ్డాక ఇంకో చిక్కు మొదలవుతుంది. 1982లో బీరూట్‌లోని సబ్రా, షతీలా శిబిరాల్లో ఊచకోత జరిగింది. దాని మీద అమెరికా టీవీ వార్తలను స్టాన్‌ఫర్డ్‌లో ఇజ్రాయెల్ పక్షపు విద్యార్థులకూ, అరబ్బుల పక్షపు విద్యార్థులకూ చూపించారు రాబర్ట్ వాలోన్, లీ రాస్, మార్క్ లెపర్. రెండు పక్షాలూ చూసింది అవే వార్తలు. ఇజ్రాయెల్ పక్షంవాళ్లకు అవి ఇజ్రాయెల్‌కు వ్యతిరేకంగా తోచాయి, అరబ్బుల పక్షంవాళ్లకు ఇజ్రాయెల్‌ను వెనకేసుకొచ్చినట్టు తోచాయి. ఈ ఫలితం వెలువడిన 1985 నాటికి ఇన్‌స్టాగ్రామ్ లేదు, వాట్సాప్ లేదు. "మీడియా అంతా అమ్ముడుపోయింది" అని ఇంట్లో తాతా మనవడూ ఇద్దరూ అంటున్నారంటే, ఇద్దరూ చెరో మీడియా గురించి అంటున్నారని తేల్చేయకండి. ఒక్కదాని గురించే అయి ఉండవచ్చు.

ఈ అధ్యాయంలో లెక్కలన్నీ దాదాపు అమెరికావే. దానికి కారణం ఉంది. వాట్సాప్‌లో ఏం తిరుగుతోందో బయటివాళ్లకు కనబడదు, ఆ తాళం మన మంచికే. ఫేస్‌బుక్‌లో ఏది ఎంత తిరుగుతోందో చూసేందుకు పరిశోధకులకు, పాత్రికేయులకు ఉన్న క్రౌడ్‌టాంగిల్ అనే పనిముట్టును మెటా 2024 ఆగస్టులో మూసేసింది. కాబట్టి దక్షిణ రాయలసీమ ఏ యుద్ధాన్ని ఎలా చూసిందో తెలియాలంటే మనుషులను అడగడమే దారి. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో చదువుకునే పిల్లలకు ఇది పెద్ద ఖర్చు లేని పని. ఇంట్లో 1990 ఆగస్టు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. షూమన్, స్కాట్ అడిగిన ఆ ఒక్క ప్రశ్నే వాళ్లను అడగండి. వాళ్ల వయసూ, ఆ సంఘటన వాళ్లకు ఎలా తెలిసిందో, ఎవరు చెప్పారో పక్కన రాసుకోండి. తర్వాత అదే కాగితం మీ తమ్ముడికివ్వండి.